పోయిన మాట, లేని మాట

అమెరికాలో వైద్యశిక్షణ పొందుతున్న తొలి సంవత్సరాలలో, దక్షిణాది రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో చూసిన కేసు కాగితం ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. రోగి డెబ్బయి దాటిన నల్లజాతి స్త్రీ. ఒక బడిలో వంటమనిషిగా చాలా ఏళ్లు పనిచేశారు. (వివరాలు కొంత మార్చి చెబుతున్నాను.) మెదడు ఎడమభాగంలో రక్తనాళం మూసుకుపోయి కుడిచెయ్యి చచ్చుబడింది. మన ఊళ్లలో అన్నట్టు, మాట పడిపోయింది. రెండు వారాలకు కొద్దికొద్దిగా తిరిగి రావడం మొదలుపెట్టింది. అప్పుడు చేసిన భాషాపరీక్ష నివేదికలో ఇలా ఉంది: క్రియల చివర రావలసిన ప్రత్యయాలు లోపిస్తున్నాయి, 'ఈజ్' వంటి చిన్న పదాలు జారిపోతున్నాయి, వ్యాకరణలోపం తీవ్రంగా ఉంది. దాని కింద సంతకం చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ సాయంత్రం ఆమె కూతురు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "మా అమ్మ మొదటినుంచీ ఇలాగే మాట్లాడుతుంది, డాక్టరుగారూ. పోయాయని మీరు రాసినవాటిలో సగం ఆమె దగ్గర ఎన్నడూ లేవు. నిజంగా పోయినదాన్ని మీరు రాయనే లేదు" అంది. ఏం పోయిందని అడిగాను. "కథలు" అంది. "ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మ కథ మొదలుపెడితే ఇంట్లో ఎవరూ లేచేవారు కాదు."

నాకు జవాబు తోచలేదు. తరువాత చాలా ఏళ్లపాటు, ఒక పద్ధతంటూ లేకుండా, ఆ జవాబు కోసమే కొన్ని పుస్తకాలూ కొన్ని పరిశోధన పత్రాలూ చదువుతూ వచ్చాను. ఈ వ్యాసం వాటి గురించే.

అఫేసియా అంటే మెదడు దెబ్బతిన్నందువల్ల భాష దెబ్బతినడం. బుద్ధి మందగించడం వేరు, నాలుక తిరగకపోవడం వేరు. మనిషికి చెప్పవలసినది తెలుసు, దానికి తగిన మాట మాత్రం చేతికి అందదు. 1861లో పారిస్ దగ్గరి బిసెట్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా చూసిన లెబోర్న్ అనే రోగి ఏమడిగినా 'టాన్' అనే ఒక్క అక్షరాన్నే పలికేవాడు. అక్కడినుంచి నూరేళ్లు వైద్యుల ప్రశ్న ఒకటే: దెబ్బ మెదడులో ఎక్కడ తగిలింది? మాట్లాడే మనిషిది ఏ ఊరు, ఏ వాడ, ఏ యాస అన్నది ఆ ప్రశ్నలో ఇమడలేదు. 1972లో హెరాల్డ్ గుడ్‌గ్లాస్, ఈడిత్ కాప్లాన్ ప్రచురించిన బోస్టన్ పరీక్షలోని బొమ్మను అమెరికాలో ఈ విద్యతో పరిచయమున్నవారందరూ చూసే ఉంటారు. తల్లి పళ్లేలు తుడుస్తూ పరధ్యానంలో ఉంటుంది, తొట్టి నిండి నీళ్లు కిందికి కారుతుంటాయి, వెనక పిల్లవాడు ఒరిగిపోతున్న స్టూలు ఎక్కి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు. ఈ బొమ్మలో ఏం జరుగుతోందో చెప్పమంటారు. రోగి చెప్పినదాంట్లో వాక్యం ఎంత పొడుగుంది, ప్రత్యయాలు ఎన్ని నిలిచాయి, చిన్న పదాలు ఎన్ని రాలిపోయాయి అని చూస్తారు. పరీక్ష మంచిదే, నేటికీ వాడుకలో ఉంది. అయితే రాలిపోయాయని లెక్కపెట్టాలంటే ముందు ఉండాలి కదా.

ఈ చిక్కును విప్పే తాళంచెవి వైద్యులకు తెలియకుండా వైద్యం బయటే తయారైంది. 1960ల నడిమి సంవత్సరాలలో విలియం లబోవ్ న్యూయార్కులోని హార్లెంలో నల్లజాతి యువకుల మాటలను రికార్డు చేశాడు. ఆ పనినుంచి 1972లో 'లాంగ్వేజ్ ఇన్ ది ఇన్నర్ సిటీ' అనే పుస్తకం వచ్చింది. బోస్టన్ పరీక్ష పుట్టిన సంవత్సరమే ఇదీ వెలువడింది. రెండు పుస్తకాలూ చాలాకాలం ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. బడిపంతుళ్లు తప్పులని కొట్టేసే రూపాల వెనక కచ్చితమైన నియమాలున్నాయని లబోవ్ చూపించాడు. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషులో 'హి టయర్డ్' అనవచ్చు, మధ్యలో 'ఈజ్' అవసరం లేదు. తెలుగు పాఠకుడికి ఇందులో వింతేముంది? 'ఆయన డాక్టరు', 'మాది తెనాలి' అంటాం. ఆ వాక్యాలలో క్రియ పోయిందని ఎవరూ మనకు వైద్యం చేయరు. అయితే లబోవ్ గమనించినది ఇంకా సూక్ష్మమైనది. ప్రామాణిక ఇంగ్లీషులో 'ఈజ్'ను కుదించి పలకగల చోట మాత్రమే ఈ మాండలికం దాన్ని పూర్తిగా వదలగలదు. కుదించడానికి వీలులేని చోట, ఉదాహరణకు వాక్యం చివర, వదలదు. 'వాజ్' పోదు, 'ఐ' పక్కనుండే 'యామ్' కూడా సాధారణంగా పోదు. ఇక 'షి వర్కింగ్' అంటే ఇప్పుడు పనిచేస్తోందని అర్థం, 'షి బి వర్కింగ్' అంటే మామూలుగా పనిచేస్తూ ఉంటుందని. ప్రామాణిక భాష ఒక క్రియారూపంలో ఇంత తేలిగ్గా చూపలేని భేదమిది.

ఆ పుస్తకంలో లియాన్ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడి ఉదంతాన్ని ప్రతి వైద్యవిద్యార్థి చేతా చదివించాలనిపిస్తుంది. ఆ వాడ గురించి బాగా తెలిసిన నల్లజాతి పరిశోధకుడు క్లారెన్స్ రాబిన్స్ ప్రశ్నలడిగితే లియాన్ ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టాడు. మళ్లీ వెళ్లినప్పుడు రాబిన్స్ ఆలూ చిప్స్ పట్టుకెళ్లాడు, లియాన్ స్నేహితుణ్ణి వెంట తీసుకెళ్లాడు, నేలమీద చతికిలబడ్డాడు, పెద్దల ఎదుట అనకూడని మాటలు తానే మొదట అన్నాడు. పిల్లలిద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ వాదులాడుకున్నారు. మాట రాని పిల్లవాడని ముద్ర వేయదగినవాడికి మాట వచ్చింది. మారింది గది మాత్రమే. మన ఆసుపత్రి గదులలో తెల్లకోటు వేసుకుని, బల్లకు అవతల కూర్చుని, గడియారం చూస్తూ మనం ఎన్ని నోళ్లు మూయించి ఉంటామో.

లబోవ్ ఇచ్చిన రెండో కానుక కథాలక్షణం. 1967లో జాషువా వలెట్స్కీతో కలిసి రాసిన వ్యాసంలో, తరువాత ఈ పుస్తకంలోని ఒక అధ్యాయంలో, మామూలు మనుషులు నోటితో చెప్పే అనుభవకథలకు నిర్మాణం ఉందని నిరూపించాడు. చావు అంచుకు వెళ్లి వచ్చిన సందర్భం ఎప్పుడైనా ఉందా అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు మనిషి తన భాషను సర్దుకోవడం మరచిపోతాడు. అలా వచ్చిన కథల్లో సంఘటనల వరుసకన్నా లబోవ్‌ను ఎక్కువగా ఆకర్షించినది మరొకటి: ఈ కథ ఎందుకు చెప్పదగ్గదో వినేవాడికి తెలియజేసే భాగం. ఆ పని వ్యాకరణం ఒక్కటే చేయదు. గొంతు చేస్తుంది, చెయ్యి చేస్తుంది, ఒకే మాటను మళ్లీ మళ్లీ అనడం చేస్తుంది.

ఇదంతా అంతకు ముప్పయ్యేళ్ల కిందటే విని రాసినామె ఒకరున్నారు. జోరా నీల్ హర్స్టన్ ఫ్లోరిడాలోని ఈటన్‌విల్ అనే నల్లవారి ఊళ్లో పెరిగింది. న్యూయార్కులో ఫ్రాంజ్ బోయాస్ దగ్గర మానవశాస్త్రం చదువుకుని, కథలు సేకరించడానికి మళ్లీ సొంత ఊరికే వెళ్లింది. 1935లో వచ్చిన 'మ్యూల్స్ అండ్ మెన్'లో దుకాణం అరుగు మీద కూర్చున్నవాళ్లు తమ కథలను 'అబద్ధాలు' అని పిలుచుకుంటారు. ఒకడు మొదలుపెడతాడు, ఇంకొకడు ఎగదోస్తాడు, మరొకడు అంతకన్నా పెద్ద అబద్ధం నా దగ్గరుందంటాడు. చెప్పేవాడు ఒక్కడే అయినా కథ అందరిదీ. అరుగు మీది ఆ వినికిడి, చర్చిలో బోధకుడి వాక్యానికి జనం ఇచ్చే జవాబు ఒక చెట్టు కొమ్మలేనని జెనీవా స్మిదర్మన్ పుస్తకం 'టాకిన్ అండ్ టెస్టిఫైయిన్' (1977) చదివినప్పుడు తెలిసింది. బుర్రకథలో వంతవాడు లేకుండా కథకుడు నిలుస్తాడా? మన అమ్మమ్మలు సైతం 'ఊఁ కొట్టకపోతే చెప్పను' అనేవారు. భాషాపరీక్ష చేసేవారికి నేర్పేది దీనికి విరుద్ధం: ఊఁ కొట్టకూడదు, అందించకూడదు, ముఖంలో ఏమీ కనిపించకూడదు. ఫలితం నిష్పక్షపాతంగా ఉండాలంటే అది అవసరమేనని ఒప్పుకుంటాను. అయితే వినేవాడి మాట మీద ఆనుకుని నడిచే సంప్రదాయంలో పెరిగిన మనిషికి అది ఊతకర్ర లాగేసి నడక పరీక్షించడం వంటిది.

హర్స్టన్‌కు 1959లో పక్షవాతం వచ్చింది. ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో బీదల ఆశ్రమంలో చేరి, 1960 జనవరి 28న కన్నుమూసింది. ఆమె కాగితాలను చెత్తతోపాటు తగలబెడుతుంటే, పాట్రిక్ డువాల్ అనే నల్లజాతి పోలీసు అధికారి ఆ దారిన పోతూ చూసి మంట ఆర్పాడు. అంచులు కాలిన ఆ పుటలు ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

ఆమె జబ్బు ఆమె ఒక్కదానిదే కాదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలను వైద్యులు 1960లనుంచి 'స్ట్రోక్ బెల్ట్' అంటున్నారు, పక్షవాతపు మరణాలు అక్కడ అంత ఎక్కువ. ఈ మాండలికానికి పుట్టిల్లూ ఆ దక్షిణమే. 1910–1970 మధ్య దాదాపు 60 లక్షలమంది నల్లవారు అక్కడినుంచి షికాగో, డెట్రాయిట్, న్యూయార్కు వంటి చోట్లకు వలసపోయి తమ మాటతీరును వెంట తీసుకెళ్లారు. 2003లో మొదలై 30,000 మందికి పైగా చేర్చుకున్న రిగార్డ్స్ అనే పెద్ద అధ్యయనం, నడివయసు నల్లవారికి పక్షవాతం వచ్చే అవకాశం తెల్లవారికన్నా చాలా ఎక్కువని మళ్లీ చూపించింది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతుకు అఫేసియా ఉంటుంది. మాట పోయే ప్రమాదం ఎవరికి ఎక్కువో, ఆ మాటను తూచేవారికి వాళ్ల భాష అంత తక్కువగా తెలుసు.

పెద్దల సంగతి అలా ఉండగా, పిల్లల విషయంలో న్యాయస్థానం కలగజేసుకుంది. మిషిగన్‌లోని యాన్ ఆర్బర్‌లో నల్లజాతి పిల్లలను, వాళ్ల ఇంటిభాష కారణంగా, నేర్చుకోలేనివారిగా చూస్తున్నారని తల్లులు దావా వేశారు. 1979లో న్యాయమూర్తి చార్లెస్ జాయినర్, పిల్లల ఇంటిభాషను ఉపాధ్యాయులు గుర్తించి దాన్నిబట్టి చదువు నేర్పాలని తీర్పు ఇచ్చాడు. పిల్లల పక్షాన నిపుణులను కూడగట్టినది స్మిదర్మనే. 1983లో అమెరికా వాక్చికిత్సకుల సంఘం, మాండలికం రోగం కాదని అధికారికంగా ప్రకటించింది. చదివితే ఇంత చిన్న మాటకు ఒక ప్రకటన కావలసివచ్చిందా అనిపిస్తుంది. నా సంతకం గుర్తొచ్చి కావలసివచ్చిందనే అనుకున్నాను.

ఆ ప్రకటన అఫేసియా రోగి మంచం దాకా చేరడానికి మరి కొన్నేళ్లు పట్టింది. చేర్చినవారిలో ముఖ్యురాలు హన్నా ఉలతోవ్‌స్కా, డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలు. ఆమె పోలండ్‌నుంచి వచ్చింది. అమెరికా నల్లవారి కథలను అంత శ్రద్ధగా వినడానికి పరాయి దేశపు చెవి పనికొచ్చిందేమోనని నేను అనుకుంటాను, వలసవచ్చినవాణ్ణి గనక. 1981లో సహచరులతో రాసిన పత్రంలో ఆమె తేల్చిన విషయం: అఫేసియా ఉన్నవారి వాక్యాలు చిన్నవైపోతాయి, సరళమైపోతాయి, అయినా కథ అస్థిపంజరం చాలామందిలో నిలుస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగింది, చివరికి ఏమైంది అన్న వరుస చెదరదు. వాక్యం కూలినా కథ కూలకపోవచ్చు. ఒక్కొక్క వాక్యాన్నే తూచే పరీక్షకు ఇది కనిపించదు.

2000 సంవత్సరం ప్రాంతంలో ఉలతోవ్‌స్కా, గ్లోరియా ఓల్నెస్ మొదలైనవారు ఆఫ్రికన్ అమెరికన్ల మీద దృష్టి నిలిపారు. అఫేసియా ఉన్నవారినీ లేనివారినీ కూర్చోబెట్టి, బొమ్మలు చూపి చెప్పించడమేకాక, భయపడ్డ సందర్భాన్ని సొంత మాటల్లో చెప్పమన్నారు. లబోవ్ ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం. ఒక పత్రం ఆ కథల్లోని క్రియారూపాల గురించి. ఆరోగ్యవంతుల మాటలోనూ రోగుల మాటలోనూ మాండలిక రూపాలు కనిపిస్తాయి గనక, ఏది యాస, ఏది జబ్బు అని విడదీయడానికి ప్రామాణిక ఇంగ్లీషు కొలబద్ద చాలదని, అదే సమాజంలోని ఆరోగ్యవంతుల మాట పక్కన పెట్టి చూడాలని అది చెబుతుంది. ఇంకొకటి పునరుక్తి గురించి. నేను ఎక్కువసార్లు చదివినది ఇదే.

మన ఆలంకారికులు పునరుక్తిని కావ్యదోషాలలో చేర్చారు. అయితే హర్షంలో, భయంలో, శోకంలో అది దోషం కాదని మినహాయింపూ పెట్టారు. వైద్యులకూ పునరుక్తి దోషమే. అఫేసియాలో ఒక మాట నాలుక మీద ఇరుక్కుపోయి, అవసరం తీరాక కూడా అదే మళ్లీ మళ్లీ రావడం నిజమైన రోగలక్షణం. కాని నల్లవారి కథనంలో, వారి చర్చి ప్రసంగంలో, పునరుక్తి ఆయువుపట్టు. ఒకే మాటను రెండోసారి అన్నప్పుడు దాని బరువు పెరుగుతుంది. 'పోగా పోగా పోగా ఒక మర్రిచెట్టు' అని మన కథల్లో అన్నప్పుడు దూరం పెరిగినట్టే. డాలస్ పరిశోధకులు రోగి కథలో పునరుక్తి కనబడగానే లోపమని గీటు పెట్టలేదు, అది కథలో ఏ పని చేస్తోందని అడిగారు. చాలా చోట్ల అది ఇక్కడ ఆగి వినమని చెప్పే పనే చేస్తోంది. తరువాత 2010లో ఓల్నెస్, మరి ఇద్దరితో కలిసి, నల్లవారి కథలనూ తెల్లవారి కథలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించింది. భాష ఎంతో దెబ్బతిన్నవారు కూడా తమ కథలో ఏది ముఖ్యమో వినేవారికి అందించగలుగుతున్నారని, అందుకు వాడే ఉపాయాలు ఆరోగ్యవంతుల ఉపాయాలవంటివేనని అందులో చూడవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం, ముఖ్యంగా నా వంటి పశ్చాత్తప్తులకు. కూతురు మాట విన్న తరువాత నేను కొంతకాలం రెండో తప్పు చేశాను. నల్లజాతి రోగి మాటలో ఏది లోపించినా 'అది వారి యాస' అని వదిలేసేవాణ్ణి. అదీ అన్యాయమే. నిజంగా పోయినదాన్ని యాస ఖాతాలో వేస్తే ఆ మనిషికి రావలసిన చికిత్స అందదు. లబోవ్ నియమం ఇక్కడ మంచం పక్కన పనికొస్తుంది. వాక్యం మధ్యలో 'ఈజ్' లేకపోతే అది ఆమె భాష కావచ్చు. వాక్యం చివర కూడా పోతే, 'వాజ్' పోతే, 'ఐ' పక్కన 'యామ్' పోతే, మాండలికం వదలని చోట వదులుతున్నట్టు. అది జబ్బు కావడానికే అవకాశం ఎక్కువ. మాండలికానికి వ్యాకరణం ఉందని ఒప్పుకున్నప్పుడే దాన్ని ఉల్లంఘించడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఈ పుస్తకాలు చదువుతున్నంతసేపూ నా మనసు మన ఊళ్లకు పోతూనే ఉంది. 1990లో లీజ్ మెన్, లొరెయిన్ ఓబ్లర్ పద్నాలుగు భాషలలోని రోగుల కథనాలను బృహద్గ్రంథంగా కూర్చారు. హిందీ ఉంది, తెలుగు లేదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన పత్రం ప్రపంచమంతా చదివింది. ఒకటికి మించి భాషలు వచ్చినవారిలో సుమారు 40 శాతానికి, ఒకే భాష వచ్చినవారిలో సుమారు 20 శాతానికి మేధాశక్తి చెక్కుచెదరలేదు. అఫేసియా విషయంలో మాత్రం తేడా కనిపించలేదు. ఎన్ని భాషలన్నది అలా లెక్కలోకి వచ్చింది. ఏ తెలుగు అన్నదీ రావాలి. పాఠ్యపుస్తకపు 'వచ్చాడు'ను ఆదర్శంగా పెట్టుకున్న పరీక్షకుడి ముందు పాలమూరు రైతు 'వచ్చిండు' అంటే ఏం రాస్తాడు? శ్రీకాకుళం ముసలమ్మ మాటను బెజవాడ చెవి ఎలా వింటుంది? మనం కూడా చిన్నప్పుడు బడిలో యాసను చూసి నవ్వినవాళ్లమే, నవ్వించుకున్నవాళ్లమే.

ఆ వృద్ధురాలిని నేను మళ్లీ చూసింది మూడు నెలల తరువాత. అప్పటికి నేను చదివినది హర్స్టన్ పుస్తకం ఒక్కటే. బొమ్మ చూపలేదు. కూతుర్ని పక్కన కూర్చోమని, చిన్నప్పుడు ఎప్పుడైనా చచ్చిపోతాననుకున్నారా అని అడిగాను. ఆమె చాలాసేపు కిటికీ వైపు చూశారు. తరువాత ఒక్కొక్క మాటే వచ్చింది. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను: "రాత్రి. నీళ్లు." కూతురు ఊఁ అంది. "నాన్న. కంచరగాడిద. నీళ్లు." ఊఁ. "పాప... నా చేతిలో. నీళ్లు." అంటుంటే ఆమె ఎడమచెయ్యి నెమ్మదిగా లేస్తోంది. నాలుగోసారి ఆ మాట అన్నప్పుడు చెయ్యి తలకన్నా పైన ఉంది, కూతురు ఊఁ అనలేదు. "కప్పు" అన్నారామె, నవ్వారు. వాళ్లు ఇంటికప్పు మీద తెల్లవారేదాకా కూర్చున్నారని కూతురు తరువాత చెప్పింది.

ఆ రోజు కాగితంలో 'నీళ్లు' అనే మాట నాలుగుసార్లు వచ్చిందని రాశాను. పక్కన వరుసగా రాశాను: మోకాలు, నడుము, మెడ, చూరు.